మృదంగం దెబ్బను లెక్క కట్టిన సర్ సి.వి. రామన్



సర్ సి.వి. రామన్ పేరు చెప్పగానే ఫిబ్రవరి 28, జాతీయ విజ్ఞాన దినోత్సవం, నోబెల్ బహుమతి, సముద్రపు నీలిరంగు గుర్తుకు వస్తాయి. సైన్సు పుస్తకంలో అదే ఉంటుంది, జి.కె. బిట్లలో అదే వస్తుంది. అది అందరికీ తెలిసినదే కనుక ఈ సంచికలో నేను ఆయన జీవితంలోని మరో భాగం రాయదలచుకున్నాను. కాంతి మీద పేరు రాకముందు ఆయన చాలా ఏళ్లు శబ్దం మీద పనిచేశారు. వయొలిన్, వీణ, తంబూరలతో పాటు మృదంగాన్నీ తబలానూ కూడా పరిశోధించారు. నేను చేసే పని పాటలు రికార్డు చేయడం, వాటిని కంప్యూటర్లో కోసి సరిదిద్దడం. మృదంగం మీద రామన్ గారు చేసిన పని గురించి చదివాక, నేను రోజూ తెర మీద చూసేదాన్నే ఆయన ఇసుకతో చూశారని అర్థమైంది.

చంద్రశేఖర వెంకట రామన్ 1888 నవంబర్ 7న తమిళనాడులోని తిరుచిరాపల్లి దగ్గర జన్మించారు. తల్లి పార్వతి అమ్మాళ్, తండ్రి చంద్రశేఖర అయ్యర్. తండ్రికి విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కళాశాలలో లెక్చరర్ ఉద్యోగం రావడంతో 1892లో కుటుంబం అక్కడికి మారింది. అప్పుడు రామన్‌కు నాలుగేళ్లు. అంటే ఆయన బాల్యమంతా మన తెలుగు నేల మీద, సముద్రం ఒడ్డున గడిచింది. సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివి 11 ఏళ్లకే మెట్రిక్యులేషన్ పాసయ్యారు. మనలో 11 ఏళ్లకు ఆరో తరగతిలో చేరి, ట్రంకు పెట్టెతో హాస్టల్‌కు వచ్చినవాళ్లే ఎక్కువ! తండ్రి ఎ.వి.ఎన్. కళాశాలలోనే ఇంటర్ స్థాయి చదువు పూర్తిచేసి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరారు. 1904లో బి.ఎ.లో ప్రథమ స్థానం, భౌతికశాస్త్రంలో బంగారు పతకం సాధించారు. ఇంకా ఎం.ఎ. చదువుతుండగానే 1906లో ఆయన మొదటి పరిశోధన పత్రం లండన్ నుంచి వెలువడే ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో అచ్చయింది.

తండ్రి వయొలిన్ వాయించేవారు. 1907లో రామన్ పెళ్లాడిన లోకసుందరి గారికి వీణ వచ్చు. చిన్నప్పటి నుంచి ఇంట్లో వినిపించిన తీగల మోత ఆయన పరిశోధనలోకి ఎలా వచ్చిందో ముందు ముందు చూస్తాం.

పై చదువుకు ఇంగ్లండు వెళ్లాలంటే, శరీరం బలహీనంగా ఉంది, ఆ చలికి తట్టుకోలేడని సివిల్ సర్జన్ తేల్చారు. దాంతో ఆర్థిక శాఖ పోటీ పరీక్ష రాసి మొదటి ర్యాంకుతో 1907లో కలకత్తాలో అధికారిగా చేరారు. అప్పటికి ఆయనకు 18 ఏళ్లే. అందరూ అక్కడితో సైన్సు అయిపోయిందనుకునేవారే. కానీ ఆఫీసుకు వెళ్లే దారిలో బౌబజార్ వీధిలో ఒక బోర్డు కంటపడింది. అది 1876లో మహేంద్రలాల్ సర్కార్ అనే డాక్టరు ప్రజల విరాళాలతో స్థాపించిన ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్. అక్కడ పరికరాలు ఉన్నాయి, వాడేవాళ్లు లేరు. రామన్ తెల్లవారుజామున అక్కడికి వెళ్లి పనిచేసి, ఆఫీసుకు వెళ్లి, సాయంత్రం మళ్లీ అక్కడికే వచ్చి రాత్రిదాకా ఉండేవారు. మధ్యలో రంగూన్, నాగపూర్ బదిలీలు పోను, ఇలా పదేళ్లు సాగింది. 1917లో కలకత్తా విశ్వవిద్యాలయం పాలిత్ ప్రొఫెసర్ పదవి ఇస్తామంటే, పెద్ద జీతమున్న సర్కారీ కొలువు వదిలి తక్కువ జీతానికి వెళ్లిపోయారు.

ఆ ప్రయోగశాలలో ఆయనకు ఒక సహాయకుడు ఉండేవారు. పేరు ఆశుతోష్ డే. ఆశుబాబు అని పిలిచేవారు. ఆయన కాలేజీ మెట్లు ఎక్కినవారు కారు. అయినా రామన్ గారు తన పత్రాల మీద తన పేరు పక్కన ఆశుబాబు పేరు కూడా వేశారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఆ పదిహేనేళ్లలో రామన్ పని ఎక్కువగా శబ్దం గురించే. 1909లోనే ఏక్‌తార మీద ఒక వ్యాసం రాశారు. మన పల్లెల్లో తత్వాలు పాడేవారి చేతిలో ఉండే ఒంటితీగ వాయిద్యం అది. ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుకున్న ఉద్యోగి దాన్ని శాస్త్రానికి తగిన వస్తువుగా చూడటం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 1918లో వయొలిన్ తీగల కదలిక మీద పెద్ద గ్రంథమే వెలువరించారు. మనిషి చేయి ఒక్కోసారి ఒక్కోలా లాగుతుంది కనుక, కమానుకు ఒకే వేగం, ఒకే ఒత్తిడి ఉండేలా వయొలిన్‌ను వాయించే యంత్రం చేయించారు. 1920లో బెనర్జీ అనే సహ పరిశోధకునితో కలిసి పియానోలోని సుత్తి తీగను తాకే క్షణాన్ని లెక్క కట్టారు. సుత్తి తీగను తాకి వెనక్కి వచ్చేది కంటికి కనిపించనంత కొద్ది సమయంలో. అయినా వచ్చే స్వరం ఎలా ఉండాలో చాలావరకు తేల్చేది ఆ కొద్ది సమయమే.

అదే 1920లో శివకాళి కుమార్‌తో కలిసి నేచర్ పత్రికలో మన తోలు వాయిద్యాల మీద ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. ఇక్కడ కొంచెం నెమ్మదిగా చదవండి.

తీగను మీటితే ఒక్క స్వరమే వినిపించినట్టు ఉంటుంది కానీ, అందులో అసలు స్వరంతో పాటు దానికి 2 రెట్లు, 3 రెట్లు, 4 రెట్లు వేగంతో కంపించే స్వరాలు కూడా ఉంటాయి. అవన్నీ పూర్ణ సంఖ్యల లెక్కలో ఉంటాయి కనుక ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. చెవికి ఇంపుగా, ఒకే శ్రుతిగా వినిపిస్తుంది. కానీ గుండ్రని చట్రానికి సమంగా బిగించిన తోలును కొడితే వచ్చే కంపనాలు అలా ఉండవు. మొదటిది 1 అనుకుంటే తర్వాతవి 1.59, 2.14, 2.30, 2.65 ఇలా పోతాయి. ఎవరి దారి వారిది. అందుకే డ్రమ్ము చప్పుడు సాధారణంగా తాళానికి పనికొస్తుంది గానీ స్వరానికి లొంగదు. పుస్తకాల్లోని లెక్క చెప్పేది ఇదే.

మరి మృదంగాన్ని గాయకుని శ్రుతికి ఎలా కలుపుతున్నారు? తబలా మీద స్వరం స్పష్టంగా ఎలా పలుకుతుంది? రామన్ గారికి వచ్చిన అనుమానం ఇది. జవాబు కుడివైపు మూత మధ్యలో ఉండే నల్లటి మచ్చలో ఉంది. ఇనుము కలిసిన ఒకరకం నల్లరాతి పొడిని, ఉడికించిన అన్నంతో కలిపి మెత్తటి ముద్ద చేస్తారు. దాన్ని తోలు మీద పలచగా పూసి, నున్నటి రాతితో రుద్ది, ఆరాక మళ్లీ పూస్తారు. ఇలా ఎన్నో పూతలు. మధ్యలో మందంగా, అంచుల వైపు పలచగా వచ్చేలా చూస్తారు. ఈ బరువు వల్ల తోలు కంపనాలు పుస్తకపు లెక్కను తప్పి, దాదాపు 1, 2, 3, 4, 5 అనే వరుసలోకి వస్తాయి. చుట్టూ ఉండే తోలు అంచు అంతకుమించిన పై స్వరాలను అణచివేస్తుంది. అంటే తోలును తీగలా పలికించే ఉపాయం అది.

కెమెరా తప్ప పెద్ద యంత్రమేదీ లేకుండా దీన్ని ఎలా చూపించారో తెలుసా? మూత మీద సన్నని ఇసుక చల్లి, వేళ్లతో ఒక్కో చోట తాకుతూ కొట్టించారు. తోలు కదిలిన చోట ఇసుక ఎగిరి, కదలని గీతల మీదికి చేరి నిలుస్తుంది. ఒక దెబ్బకు ఇసుక అడ్డంగా ఒక గీత కడుతుంది, ఇంకో దెబ్బకు కూడిక గుర్తు, మరొకదానికి వలయం. వాటిని ఫొటోలు తీశారు. మొత్తం 9 రకాల కంపనాలు ఉన్నాయని, అవి 5 స్వరాలుగా సర్దుకుంటాయని ఆ బొమ్మల సాయంతో తేల్చారు. మొదటి రెండు స్వరాలకు ఒక్కొక్కటి, మూడు, నాలుగు స్వరాలకు రెండేసి, అయిదో స్వరానికి మూడు. కూడితే తొమ్మిది. మృదంగం వాయించేవారు ఉంగరపు వేలు మెల్లగా ఆనించి చూపుడు వేలితో అంచున కొట్టి నం అనిపిస్తారు. ఆ ఆనించిన వేలు ఊరికే లేదు. అది అడుగు స్వరాన్ని ఆపేసి పై స్వరానికి దారి ఇస్తోంది.

ఇప్పుడు నా పని దగ్గరికి వస్తాను. మన నాగారంలో బోనాల రోజు డప్పును ఫోన్‌లో రికార్డు చేసి, ఆడాసిటీ లాంటి సాఫ్ట్‌వేర్లో తెరిచి చూడండి. అది ఉచితంగానే దొరుకుతుంది. సిర్ర పడిన ప్రతిచోటా తెర మీద గీత నిట్టనిలువుగా లేస్తుంది. తర్వాత వాలుగా దిగిపోతుంది. సెకనులో వందో వంతు కూడా పట్టని ఆ నిట్టనిలువు మొదటి ముక్కను సౌండ్ పనివాళ్లు ట్రాన్సియెంట్ అంటారు. మనం దెబ్బ మొన అనుకుందాం. రికార్డింగులో దరువు ఎక్కడ మొదలైందో కంప్యూటర్ కనిపెట్టేది ఈ మొనను పట్టుకునే. స్వీడన్ కంపెనీ ప్రొపెల్లర్‌హెడ్ 1994లో తెచ్చిన రీసైకిల్ అనే సాఫ్ట్‌వేర్ ఇలా మొనల దగ్గర దరువును ముక్కలుగా కోసి చూపింది. ఆ తర్వాత ఈ సౌకర్యం పెద్ద ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో మామూలైపోయింది.

డప్పు విషయంలో పని సులువు. మంటకు కాపి బిగువెక్కించిన డప్పు మోత పదునుగా లేచి త్వరగా ఆరిపోతుంది. మొన విడిగా కనిపిస్తుంది. గీత ఫలానా ఎత్తు దాటితే గుర్తు పెట్టు అని చెబితే చాలా వరకు సరిపోతుంది. ఆ ఎత్తు ఎక్కువ పెడితే సిటికెన పుల్ల మెల్లని దెబ్బలు తప్పిపోతాయి, తక్కువ పెడితే జనం ఈలలకు, పటాకులకు కూడా గుర్తులు పడతాయి. చెవితో వింటూ సర్దుకోవాలి.

మృదంగం దగ్గర ఈ పద్ధతి తడబడుతుంది. ముందు కొట్టిన దెబ్బ మోగుతూనే ఉంటుంది, ఆ మోత కిందనే తర్వాతి మెల్లని దెబ్బ దాక్కుంటుంది. ఎత్తు చూస్తే దొరకదు. అప్పుడు సాఫ్ట్‌వేర్ వేరే పని చేస్తుంది. సెకనుకు 44,100 కొలతలుగా నమోదైన శబ్దాన్ని 1,024 కొలతల చిన్న ముక్కలుగా, అంటే సెకనులో దాదాపు 43వ వంతు ముక్కలుగా తీసుకుంటుంది. ఒక్కో ముక్కలో ఏయే స్వరాలు ఎంతెంత ఉన్నాయో విడదీస్తుంది. ఇలా విడదీసే గణితం ఫ్రాన్స్ దేశపు ఫూరియే ఇచ్చినది. ఆయన ఒక దర్జీ కొడుకు, చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోతే సన్యాసులు నడిపే బడిలో ఉండి చదువుకున్నవాడు. ఒక ముక్కకూ తర్వాతి ముక్కకూ పోల్చి, ఉన్నట్టుండి కొత్త స్వరాలు చాలా చోట్ల ఒకేసారి పుడితే అక్కడ దెబ్బ పడినట్టు లెక్క. మోగుతూ ఉన్న పాత దెబ్బ తన అయిదు స్వరాల గడుల్లోనే ఉంటుంది. కొత్త దెబ్బ మొన మాత్రం ఆ ఒక్క క్షణం అన్ని గడుల్లోకీ చిందుతుంది. ఎంత మెల్లగా కొట్టినా సరే. అందుకే పట్టుబడుతుంది. ఒక్కటిగా వినిపించే దెబ్బను లోపలి కంపనాలుగా విప్పి చూడటం అన్నది రామన్ గారు ఇసుకతో చేసిన పనే. ఆయనకు గీతలు తోలు మీద వచ్చాయి, మాకు తెర మీద వస్తాయి.

గుర్తులు పడ్డాక వాటితో చాలా చేయవచ్చు. ఆలస్యంగా పడిన దెబ్బను ముందుకు జరపవచ్చు. పాట వేగం మార్చినా దెబ్బల పదును పోకుండా కాపాడవచ్చు. ఒక మంచి దెబ్బను తీసి వేరే పాటలో వాడవచ్చు. ఒక్క మాట మాత్రం అనుభవంతో చెబుతాను. అన్ని దెబ్బలనూ గడియారం ముల్లుకు కట్టేస్తే దరువు చచ్చిపోతుంది. డప్పు కొట్టే మనిషి అడుగు వేస్తూ కొడతాడు. ఆ అడుగు వల్ల కొన్ని దెబ్బలు వెంట్రుకవాసి ముందుకో వెనక్కో పడతాయి. తప్పులని దిద్దేస్తే చివరికి మిగిలేది కుట్టుమిషను చప్పుడు.

మళ్లీ రామన్ గారి జీవితంలోకి వద్దాం. 1921లో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన విశ్వవిద్యాలయాల సభకు వెళ్లి ఓడలో తిరిగి వస్తూ మధ్యధరా సముద్రపు నీలిరంగును చూశారు. అక్కడి నుంచి ఆయన మనసు కాంతి వైపు తిరిగింది. 1928 ఫిబ్రవరి 28, కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి చేసిన ప్రయోగాలు, 1930లో నోబెల్ బహుమతి – ఇవన్నీ మీకు తెలిసినవే. ఆ ఏళ్లలో ఆయన దగ్గర చేరిన తెలుగువారిలో సూరి భగవంతం గారు ఒకరు. మన హైదరాబాదు నిజాం కళాశాలలో చదివినవారు, తర్వాత ఉస్మానియాలో భౌతికశాస్త్రం బోధించినవారు. శబ్దం విషయంలో కూడా రామన్ గారికి పేరు తక్కువ కాదు. 1927లో జర్మనీలో వెలువడిన భౌతికశాస్త్ర మహాగ్రంథంలో సంగీత వాయిద్యాల మీద అధ్యాయం రాసింది ఆయనే.

నాకు బాగా నచ్చిన సంగతి వేరొకటి ఉంది. 1933లో ఆయన బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు తొలి భారతీయ డైరెక్టరుగా వెళ్లారు. 1934లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ స్థాపించి, దానికొక పత్రిక మొదలుపెట్టారు. ఆ పత్రిక మొదటి సంపుటంలోనే మళ్లీ మృదంగం, తబలాల మీద వివరంగా పత్రం రాశారు. ఇసుక బొమ్మల ఫొటోలు అందులోవే. ప్రపంచమంతా ఆయన్ను కాంతి శాస్త్రవేత్తగా పొగుడుతున్న రోజుల్లో, నోబెల్ వచ్చిన నాలుగేళ్లకు, 14 ఏళ్ల కింద వదిలిన తోలు ముక్క దగ్గరికి తిరిగి వచ్చారు.

అయితే ఇక్కడే ఒక లోటు కనిపిస్తుంది. ఈ వాయిద్యాల్లో ఉన్న శబ్ద జ్ఞానాన్ని రామన్ గారు పూర్వ భారతీయుల గొప్పతనంగా చెప్పారు. ఆ పూర్వీకులు ఎవరు? పనస మొద్దును తొలిచి, తోలు నానబెట్టి, రోమం తీసి, బిగువు చూసి, నల్లముద్దను చెవితో వింటూ పూతపూతగా రుద్దినవాళ్లు ఎవరు? తోలు పని చేసినవాళ్లను ఊరి చివర ఉంచిన సమాజం మనది. మృదంగం కచేరీ వేదిక మీదికి వెళ్లింది, దాన్ని చేసిన మనిషి గుమ్మం బయట ఉండిపోయాడు. తంజావూరులో తరతరాలుగా మృదంగాలు చేస్తున్న దళిత క్రైస్తవ కుటుంబాలు ఉన్నాయి. పాల్ఘాట్ మణి అయ్యర్ వంటి మహా విద్వాంసుని నాదం వెనుక సెబాస్టియన్ వంశానికి చెందిన పర్లాందు వంటివారి చేతులు ఉన్నాయి. గాయకుడు టి.ఎం. కృష్ణ వీరి కథను 2020లో పుస్తకంగా తెచ్చారు. మన తెలుగునాట డప్పు చేసిందీ, కాపిందీ, మోగించిందీ మాదిగలు. మనలో ఎందరి తాతలో వాళ్లు.

కాలేజీ ముఖం చూడని ఆశుబాబు పేరును పత్రం మీద వేసిన రామన్ గారే, మృదంగం పత్రాల మీద తయారుచేసినవాడి పేరు వేయలేదు. 1920 నాటిదానిపై ఆయన పేరు, శివకాళి కుమార్ పేరు ఉన్నాయి. 1 నుంచి 5 వరకు స్వరాలను వరుసలో పెట్టింది మాత్రం రాయి పట్టుకుని రుద్దిన చెయ్యి. ఆ లెక్కను రామన్ కనిపెట్టలేదు, చదివి చెప్పారు. చదివి చెప్పడం కూడా గొప్ప పనే, ఆయన చెప్పి ఉండకపోతే చప్పుడనే కొట్టిపారేసేవారు. రెండూ నిజమే.

చెల్లెళ్ల కోసం ఇంకొకటి రాయాలి. 1933లో కమలా భగవత్ అనే అమ్మాయి బొంబాయి నుంచి బెంగళూరుకు పరిశోధనకు వస్తే, ఆడపిల్ల అని రామన్ గారు ముందు నిరాకరించారు. ఆమె పట్టుబట్టాక షరతులు పెట్టి చేర్చుకున్నారు. ఏడాదికి ఆమె పని చూసి ఒప్పుకుని, తర్వాత ఇతర అమ్మాయిలకూ తలుపు తీశారు. ఆమె 1939లో కేంబ్రిడ్జిలో పిహెచ్.డి. పొందారు. కమలా సొహోనీ పేరుతో మీకు తెలిసి ఉండవచ్చు.

డైరెక్టరు పదవి గొడవల మధ్య 1937లో ముగిసింది. ప్రొఫెసరుగా 1948 దాకా ఉన్నారు. ఆ తర్వాత బెంగళూరులోనే తన పేరిట ఏర్పడిన సంస్థలో చివరిదాకా పనిచేశారు. 1954లో భారతరత్న వచ్చింది. ముసలితనంలో పూల రంగుల మీద, కంటిచూపు మీద పరిశోధించారు. సంస్థ తోటలో గులాబీలు పెంచారు. 1970 నవంబర్ 21న తన 82వ ఏట కన్నుమూశారు. ఆయన్ను ఆ సంస్థ ఆవరణలోనే దహనం చేశారు. ఆ చోట ఒక చెట్టు నాటారు.